ఏడు నిమిషాల ఒగ్గుకథ, ఈ ఎండాకాలం చూడాల్సిన ఆటలు

అమెరికాలో ఉన్న మా ఇంజనీరింగ్ ఫ్రెండు ఒకడు మొన్న నాకో లిస్టు పంపాడు. ఈ వేసవిలో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవానికి వెళ్తున్నాడట. 1959లో మొదలైన పండగ అది. ఏ రోజు ఏ స్టేజీ మీద ఎవరు పాడతారు, ఎవరిని వదులుకోకూడదు, ఎవరి టైములో వెళ్ళి భోంచేసి రావచ్చు... అన్నీ రంగురంగుల గళ్ళలో నింపి పెట్టుకున్నాడు. ఉద్యోగం అలాంటిది, ఏం చేస్తాం, అలవాటైపోయింది :) కింద ఒక ముక్క తగిలించాడు: "మన దగ్గర ఇలాంటిది ఒక్కటీ లేదేంట్రా?"

చదవగానే ఒళ్ళు మండింది. వాడిదీ నాదీ ఒకే జిల్లా. ఇద్దరం ఎండాకాలం సెలవుల్లో ఆటల దగ్గర చాప మీద పడి నిద్రపోయిన వాళ్ళమే. మనకి లేకపోవడం ఏంటి? ఉంది. కాకపోతే దానికి టిక్కెట్టు లేదు, పోస్టరు లేదు, వెబ్‌సైటు అసలే లేదు. తేదీలు తిథుల్ని బట్టీ, ఊరి పెద్దల తీరికని బట్టీ మారతాయి. పంటలు ఇంటికొచ్చి, పొలం పని తగ్గి, రాత్రిళ్ళు బయట మంచం వేసుకునే రోజులొస్తే మన సీజను మొదలైనట్టే.

వాడికి జవాబుగా నేను కూడా ఒక లిస్టు రాద్దామని కూర్చున్నాను. అయితే లిస్టుకంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అది ఒప్పుకోకుండా "ఇవి చూడండి, అవి చూడండి" అని చెప్పడానికి నాకు మొహం చెల్లదు.

రెండేళ్ళ క్రితం మా ఆఫీసులో వార్షికోత్సవం. కమిటీలో నన్నూ వేశారు. "కాస్త మన సంస్కృతి కూడా ఉంటే బాగుంటుంది" అన్నారు పైవాళ్ళు. నేను ఉత్సాహంగా చేయెత్తి, తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఒగ్గుకథ బృందాన్ని మాట్లాడాను. ఎనిమిది మంది, నాలుగు డోళ్ళు, ఒక వ్యాను. తీరా ఆ రోజు సీఈఓ ప్రసంగం సాగిపోయింది, ఫ్యాషన్ షో సాగిపోయింది. ఒగ్గుకథకి మిగిలింది ఏడు నిమిషాలు. ఆ మాట చెప్పాల్సింది నేనే. చెప్పాను.

వాళ్ళ పెద్దాయన కోప్పడలేదు. నవ్వాడు. "ఏడు నిమిషాలల్ల ఏం చెప్పాలె సారూ? దేవునికి దండం పెట్టుడే అయితది" అన్నాడు. "అంతా కలిపి క్లుప్తంగా..." అని నసిగాను. దండం పెట్టారు, డోలు కొట్టారు, రెండు గిరికీలు తిరిగారు. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీశారు. ఈలలు. అయిపోయింది. పెద్దాయన కథ మొదలుపెట్టనేలేదు. ఆ తర్వాత డబ్బులు! వెండర్ కోడ్ కావాలన్నారు, బిల్లు మా ఫార్మాట్‌లో లేదన్నారు. మొత్తానికి వాళ్ళ చేతికి అందేసరికి దాదాపు మూడు నెలలైంది. ఆ మూడు నెలలూ ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ "సారూ, మంచిగున్నరా?" అనే మొదలుపెట్టేవాడు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ రాత్రి కృష్ణానగర్‌లో నా గదికి తిరిగొస్తూ అనుకున్నాను. నేను ఆ బృందాన్ని పిలిచానే గానీ ఒగ్గుకథని పిలవలేదు. మా భాషలో చెప్పాలంటే, డెమో చూపించి ప్రొడక్షన్ చూసినట్టు చప్పట్లు కొట్టించాను.

అందుకే ఈ లిస్టులో నా షరతు ఒక్కటే. ఎవర్ని చూడాలి అనేది రెండో ప్రశ్న. ఎక్కడ, ఎంతసేపు చూడాలి అనేది మొదటిది. వాళ్ళ చోట, వాళ్ళ టైములో, చివరిదాకా.

సరే, ఇక విషయానికొస్తే...

ఒకటి: చిత్తూరు వైపు భారతం.

మా జిల్లా కాబట్టి మొదటి స్థానం ఇచ్చుకుంటున్నాను, పక్షపాతం అనుకోండి. చిత్తూరు, పుత్తూరు, పలమనేరు చుట్టుపక్కల ధర్మరాజుల గుళ్ళు, ద్రౌపదమ్మ గుళ్ళు ఉన్న ఊళ్ళలో ఎండాకాలం మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. పగలు హరిదాసు చెప్పిన కథనే రాత్రికి వేషగాళ్ళు ఆడతారు. అంటే పగలు విన్న కథ రాత్రికి కళ్ళముందు నడుస్తుందన్నమాట. బకాసుర వధ రోజు భీముడు అన్నం బండి మీద ఊరంతా తిరుగుతాడు. ఆఖరి రోజున నేల మీద మట్టితో చేసిన పే...ద్ద దుర్యోధనుడు పడుకుని ఉంటాడు. భీముడు తొడ మీద కొడతాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం.

ఒక్క రోజే వెళ్ళగలం అంటే అర్జున తపస్సు రోజు వెళ్ళండి. పొడుగాటి తపసు మాను నాటతారు. అర్జునుడి వేషం వేసినాయన పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. పైకెళ్ళాక నిమ్మకాయలు, విభూతి కిందకి విసురుతాడు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు కింద తడిబట్టలతో ఉంటారు. నాకు ఆరేడేళ్ళప్పుడు మా అవ్వ నన్ను భుజాన వేసుకుని తీసుకెళ్ళింది. మా అత్త ఆ గుంపులో కొంగు పట్టుకుని నిలబడింది. నాకు పాట గుర్తులేదు, ఆమె మొహం గుర్తుంది. పైన పాడేవాడు బాగా పాడాడా లేదా అని అక్కడ ఎవరూ మార్కులు వేయట్లేదు. ఆ పాట మీద వాళ్ళకి పని ఉంది. పని ఉన్న పాటకీ, వినోదానికి పాడే పాటకీ తేడా ఏంటో తెలియాలంటే ఆ ఎండలో ఒక పూట నిలబడాల్సిందే.

రెండు: ఒగ్గుకథ (ఈసారి పూర్తిగా).

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో జరుగుతుంది. ఎండలు ముదిరే వేళకి అది ముగిసిపోతుంది, కాబట్టి ఈ ఏడు తప్పితే వచ్చే ఏడు క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. సిద్దిపేట జిల్లా, హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. రంగుల పొడులతో పట్నం వేసి దాని ముందు మల్లన్న కథ చెప్పడం చూడాలి. మల్లన్న, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ... కొంపలో ఇద్దరు భార్యల పోరు దేవుడికీ తప్పలేదని అక్కడ నవ్వుతూ నవ్వుతూ వింటారు. బీరప్ప, ఎల్లమ్మ కథలైతే ఊళ్ళలో పండుగలప్పుడు రాత్రుళ్ళ తరబడి సాగుతాయి.

చూడాల్సింది డోలు గిరికీలు కాదండీ. అవి అందరికీ కనిపిస్తాయి. ప్రధాన కథకుడిని చూడండి. అదే మనిషి, అవే బట్టలు, భుజం మీద గుడ్డని కాస్త జరిపితే తల్లి, నడుముకి చుడితే రాజు. ఈ కథని ఢిల్లీదాకా తీసుకెళ్ళిన చుక్క సత్తయ్య గారు 2017లో పోయారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న మనిషి. ఆయన్ని ఎదురుగా కూర్చుని వినే వయసు, అవకాశం రెండూ నాకుండేవి. వినలేదు. ఆ వయసులో నాకు ఎంసెట్టు ర్యాంకు తప్ప ఇంకేం కనపడలేదు.

ఊరు దాటలేని కృష్ణానగర్ జనానికి ఒక సులువు మార్గం: ఎండాకాలం వెళ్ళీవెళ్ళగానే ఆషాఢం బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆపైన లాల్ దర్వాజ. ఘటం ముందు ఒగ్గు డోళ్ళ వెంట ఒక గంట నడవండి. అది కథ కాదు గానీ, ఏడు నిమిషాలకంటే నయం.

మూడు: చిందు యక్షగానం.

జనగామ, నిజామాబాద్ వైపు ఊళ్ళలో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే "చిందు భాగోతం ఎప్పుడు ఆడుతున్నారు?" అని అడిగి పెట్టుకోండి. ఇల్లిల్లూ కులవృత్తిగా ఆడుతూ వచ్చిన ఆట. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు అంతా వేషం కడతారు. గొంతుకి మైకు అక్కర్లేని రోజుల నుంచి వచ్చిన పాట కాబట్టి ఆ పిచ్ మన చెవికి మొదట్లో గట్టిగా తగులుతుంది. ఒక గంట ఓపిక పట్టండి, చెవి సర్దుకుంటుంది. చిందు ఎల్లమ్మ గారు 2005లో పోయారు. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అన్నట్టు, పద్మశ్రీ వచ్చిందని పేపర్లో చదివి సంతోషించిన మనలో ఎంతమందిమి ఒక్క రాత్రయినా చిందు చూశాం? నేను చూసింది ఒక్కటంటే ఒక్కటి. అందులోనూ రెండింటికి నిద్రపోయాను.

నాలుగు: తోలుబొమ్మలాట.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. దళవాయి చలపతిరావు గారి ఊరు, 2020లో ఆయనకి పద్మశ్రీ. ఇక్కడి బొమ్మలు మీరు లేపాక్షి షోరూముల్లో దీపాలకి గొడుగుల్లా వేలాడుతూ చూసే ఉంటారు. ఆ గొడుగులు కొనండి, తప్పులేదు, వాళ్ళకి అన్నం పెడుతున్నది అవే. కానీ తెర వెనకాల బొమ్మ ఎలా బతుకుతుందో కూడా చూడండి. ఆడించేవాడే పాడతాడు, వాడే మాట్లాడతాడు, కాలికింద చెక్కలు తొక్కి యుద్ధం చప్పుడు కూడా వాడే చేస్తాడు. పక్కన హార్మోనియం, మద్దెల, తాళాలు. రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊళ్ళో రాజకీయాల మీద వేసే జోకులు కుటుంబంతో వినేలా ఉండవు, అయినా కుటుంబాలే విని నవ్వుతాయి :)

ఇది జాతరలో దొరుకుతుందని ఎదురుచూస్తే దొరక్కపోవచ్చు. ఆట పెట్టించేవాళ్ళు తగ్గిపోయారు. కాబట్టి మీరే పెట్టించండి. మీ ఊరి పండగకి డీజే బాక్సులకి ఎంత పోస్తున్నారో ఒకసారి లెక్కేయండి. అందులో కొంత పక్కన పెడితే ఒక రాత్రి ఆట నడుస్తుంది.

ఐదు: కిన్నెర, బుర్రవీణ.

దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెరతో 'భీమ్లా నాయక్' టైటిల్ పాటలో వినిపించారు. పాట 2021లో వచ్చింది, 2022లో ఆయనకి పద్మశ్రీ. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప గారి బుర్రవీణకి 2024లో పద్మశ్రీ. సినిమాలో మొగులయ్య గొంతు ముందు కాసేపు వినపడి, ఆ తర్వాత డ్రమ్స్ అందుకుంటాయి. బాగుంది, నేనూ వందసార్లు విన్నాను. కానీ కిన్నెర అసలు పని హీరోని లేపడం కాదు. పండుగ సాయన్నలాంటి వీరుల కథల్ని ఊరూరా తిరిగి చెప్పడం. ఆ కథ మొత్తం కూర్చుని వినే అవకాశం ఎక్కడ దొరికినా, ఆఫీసుకి కడుపునొప్పి అని చెప్పి వెళ్ళండి.

లిస్టు పెంచితే ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళు, జముకుల కథ, గుంటూరు వైపు బుర్రకథ (నాజర్ గారికి 1986లోనే పద్మశ్రీ వచ్చింది) అన్నీ చేర్చాలి. ఒక ఎండాకాలానికి ఐదు చాలు. ఐదింట్లో ఒక్కటి నిజంగా చూసినా నేను రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ఇప్పుడు ఒక అభ్యంతరం. నేను వేసుకుంది కాదు, మా మేడ మీద గదిలో ఉండే అన్న వేసింది.

కృష్ణానగర్ సంగతి తెలిసిందే కదా. పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే పోలీసు డ్రెస్సులో ఒకడు, పెళ్ళికొడుకు డ్రెస్సులో ఒకడు టీ తాగుతూ కనపడతారు. జూనియర్ ఆర్టిస్టుల అడ్డా. సినిమా ఛాన్సుల కోసం వచ్చేవాళ్ళతోపాటు ఇప్పుడు యూట్యూబ్ జానపద పాటల కోసం వచ్చేవాళ్ళు కూడా చేరారు. మేడ మీది అన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు, డప్పు కొడతాడు. నా "వాళ్ళ చోట, వాళ్ళ టైములో" సిద్ధాంతం ఒకరోజు డాబా మీద ఆయనకి వినిపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"తమ్మీ, ఊర్ల అయితే తెల్లందాక కొడ్త. చేతులు వాస్తయి. పొద్దుగాల ఏమిస్తరో ఆళ్ళకే ఎరుక. ఈడ నాలుగు నిమిషాలు కొడితే కిరాయి ఎల్తది. నువ్వు చాప మీద కూసోని సూస్తవ్, మంచిగనే ఉంటది. కొట్టేటోని దిక్కుకెల్లి గూడ జర సూడు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఆయన చెప్పింది డబ్బుల గురించే కాదు. ఈ కళల్లో చాలావాటికి వెనకాల కులం ఉంది. ఫలానా కులం వాళ్ళు ఫలానా కులం వాళ్ళ దగ్గర ఆడి, అడుక్కుని బతకాలనే ఏర్పాటు ఉంది. నాకు "అచ్చమైన పల్లె వాతావరణం" అనిపించేది వాళ్ళకి గింజల కోసం గుమ్మం ముందు నిలబడ్డ వాతావరణం కావచ్చు. అలాంటప్పుడు వాళ్ళ పిల్లలు స్టేజీనో, స్టూడియోనో, నాలాగే కంప్యూటర్ ఉద్యోగాన్నో కోరుకుంటే తప్పు పట్టడానికి నేనెవర్ని? నేను మా నాయన చేసిన సేద్యం వదిలేసి రాలేదా?

అయినా నా మాట వెనక్కి తీసుకోను, కాస్త సవరించుకుంటాను. స్టేజీ తప్పు కాదు, సినిమా తప్పు కాదు. 2023లో 'బలగం' వచ్చినప్పుడు క్లైమాక్సులో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే ఊళ్ళలో తెరలు కట్టుకుని జనం కలిసి ఏడ్చారు. చావింట్లో పోయినవాళ్ళ బతుకుని పాటకట్టి చెప్పే బుడగజంగాల విద్య అది. సినిమా లేకపోతే నాకు తెలిసేదా? తెలిసేది కాదు. కానీ ఆ పాట అంతగా ఎందుకు తగిలింది? సినిమా దాన్ని దాని చోట కూర్చోబెట్టింది. చావింట్లో, బంధువుల మధ్య, ఆపకుండా పాడనిచ్చింది. మా వార్షికోత్సవంలో ఫ్యాషన్ షో తర్వాత పాడించి ఉంటే ఈలలు పడేవి.

అంటే వాళ్ళకి కావాల్సినవి రెండూ. చోటు, టైము ఒకటి. సరైన డబ్బు, చెప్పిన రోజుకి డబ్బు రెండోది. మనం ఒకటిస్తే రెండోది ఎగ్గొడుతున్నాం. ఊరు టైము ఇచ్చి డబ్బు ఎగ్గొడుతుంది, సిటీ డబ్బు ఇచ్చి టైము ఎగ్గొడుతుంది. (మా ఆఫీసు డబ్బు కూడా టైముకి ఇవ్వలేదు, అది వేరే ప్రతిభ.)

కాబట్టి వెళ్ళేవాళ్ళకి నా అనుభవంతో నాలుగు మాటలు. చాప, మంచినీళ్ళు, తువ్వాలు తీసుకెళ్ళండి. రాత్రి పదికి అని చెప్తే పదకొండున్నరకి మొదలవుతుంది, గొణక్కండి. ఫోన్ జేబులో పెట్టండి. మధ్యలో చదివింపులు ఉంటాయి, "ఫలానా వారు నూటపదహార్లు" అని మైకులో చదువుతారు. సిగ్గుపడకుండా ఇవ్వండి, మీరు అమీర్‌పేటలో బిర్యానీకి పెట్టేదానికంటే తక్కువ ఇవ్వకండి. తెల్లారాక వేషం కడిగేసుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్ళి, బాగుందని చెప్పి, ఫోన్ నంబరు తీసుకోండి. మీ ఊళ్ళో పండగొస్తే మధ్యవర్తి లేకుండా ఆయనకే ఫోన్ చేయండి.

"వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాళ్ళకి ఒక్కమాట. కంచుమేళం పాటగాడు సకిని రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో పోయారు. గుస్సాడి కనకరాజు గారు అక్టోబర్‌లో. బలగం మొగిలయ్య గారు డిసెంబర్‌లో. ఒక్క ఏడాదిలో ముగ్గురు. వాళ్ళ వీడియోలు ఉన్నాయి. ఉన్నది అవే.

ఇక నా సంగతి. ఆ ఒగ్గు పెద్దాయనకి మొన్న నేనే ఫోన్ చేశాను. "ఏడు నిమిషాల సారు" అంటే వెంటనే గుర్తుపట్టాడు. వచ్చే నెల వాళ్ళ పక్క ఊళ్ళో బీరప్ప పండుగ ఉందట. "రాండ్రి, ఈసారి కతంతా చెప్తా. నిద్రొస్తే ఈడనే పండుండ్రి" అన్నాడు. సెలవు పెట్టాను. మా మేనేజర్ కారణం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనది కూడా సిద్దిపేట వైపేనట. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "కార్లో ఇంకో సీటు ఉందా?" అన్నాడు.

రెండు సీట్లు ఉన్నాయి. ఒకటి మేడ మీది అన్నకి.